హోల్డాన్ బావ, గ్రూపు పాలసీ

మా బావకి ఒక పేరుంది గానీ దాన్ని బ్యాంకువాళ్ళు తప్ప ఎవరూ వాడరు. డిపోలో, వీధిలో, ఆఖరికి మందుల షాపులో కూడా ఆయన హోల్డాన్. సిటీ బస్సు కండక్టరుగా చేరిన కొత్తలో ఆయన ‘హోల్డాన్!’ అని ఒక్క కేక వేస్తే బస్సుతోపాటు పక్కన పోయే సైకిళ్ళూ, ఎదురొచ్చే లారీ, రోడ్డు దాటబోతున్న మేకా కూడా ఆగిపోయాయట. మేక సంగతి నేను నమ్మను. మా అక్క నమ్మింది. నమ్మి పెళ్ళి కూడా చేసుకుంది.

నేను ఆయనకి ఒక్కగానొక్క బామ్మర్దిని. చేతి గడియారాలు బాగుచేసే కొట్టు నడిపి, చూపు ఆనడం మానేశాక మూసేశాను. నాది చెవి దగ్గర పెట్టుకుని వినే పని. పెద్ద గొంతంటే నాకు ఒళ్ళు మంట. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి దేవుడు ఆ గొంతుకి రెండు వీధుల అవతల కాపురం పెట్టించాడు. పొద్దున ఆయన పాలవాడితో మాట్లాడితే నాకు మెలకువ వస్తుంది.

బావకి రెండు పట్టుదలలు ఉన్నాయి. అవి ముందే చెప్పకపోతే తర్వాత జరిగిందేదీ మీరు నమ్మరు. మొదటిది, కండక్టరు నోట ‘తెలీదు’ అనే మాట రాకూడదు. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి ఎవరో అడుగుతారు, ఈ బస్సు అటు పోతుందా అని. ఆ క్షణంలోనే చెప్పాలి. ఆలోచిస్తూ కూర్చుంటే అడిగినవాడి కాలు పోతుంది. రెండోది, మనిషిని మధ్యదారిలో దించకూడదు. టికెట్టు కొననివాణ్ణి కూడా ఆయన దారి పొడుగునా కడిగిపారేసి, వాడు దిగాల్సిన చోటే దింపేవాడు. సర్వీసు మొత్తంలో ఒక్కరినీ దారిలో దించలేదని రిటైరయ్యే రోజు దండ వేయించుకుంటూ చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం గొంతు చిన్నదైంది, నేను విన్నాను.

రిటైరయ్యాక ఆయన్ని భయపెట్టేది ఒక్కటే మిగిలింది. హెల్త్ ఇన్సూరెన్సు రెన్యూవల్. అది ఏడాదికోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా కిందటేడు కన్నా లావెక్కి వస్తుంది.

ఏజెంటు మంచి కుర్రాడే. చెడ్డ కబురు కూడా నవ్వు మొహంతో చెబుతాడు, అదే అతనితో చిక్కు. ఆ రోజు సోఫాలో కూర్చుని, అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి, “కంగ్రాచ్యులేషన్సండీ, మీకు డెబ్భై వస్తున్నాయి” అన్నాడు.

“నేనేం చేశాను? అవే వస్తున్నాయి” అన్నాడు బావ.

“వయసు గీత దాటుతోంది కదండీ, ప్రీమియం మారుతుంది.” ఎంతో చెప్పాడు. బావ పెన్షన్లో మూడో వంతు ఎగిరిపోతుంది. బావ గ్లాసు కింద పెట్టాడు. ఆ చప్పుడు మా ఇంట్లో మా ఆవిడకి వినపడిందంటుంది, అది మాత్రం కోత.

“ఇద్దరిదీ కలిపి ఒకే పాలసీ కదండీ. ఇద్దరిలో పెద్దవాళ్ళ వయసుని బట్టే లెక్క కడతారు” అన్నాడు ఏజెంటు.

“చూశావురా” అంది అక్క నాతో. “ముసలాణ్ణి చేసుకున్నందుకు ఇప్పుడు ఫైను.”

అందరం నవ్వాం. కానీ విషయం నవ్వులాట కాదు. నిరుడు అక్క గుండెలో స్టెంటు వేశారు. ఆ పాలసీయే లేకపోతే ఇవాళ మేం ఆ సోఫా మీద కూర్చునేవాళ్ళం కాదు, సోఫాతో సహా అన్నీ అమ్ముకునేవాళ్ళం. పాలసీ మధ్యలో ఆగిపోతే, ఒకసారి గుండె బాగుచేయించుకున్న మనిషిని కొత్తగా ఏ కంపెనీ తీసుకోదు. ఏజెంటు ఆ ముక్క కూడా నవ్వుతూనే చెప్పి, నవ్వకూడదని అప్పుడు గుర్తొచ్చి దగ్గాడు. మొదట అయ్యే ఖర్చు కొంత మేమే భరిస్తాం అని రాసిస్తే ప్రీమియం కాస్త తగ్గుతుందన్నాడు. ఆ ‘కొంత’ ఎంతో విన్నాక బావ మళ్ళీ గ్లాసు తీసుకుని ఖాళీ గ్లాసే తాగాడు.

నాలుగు రోజులు ఆ ఇంట్లో ఇద్దరూ ఎంత ప్రేమగా ఉన్నారో చెప్పలేను. నాకు అనుమానం వచ్చింది. మా అక్క కూరలో ఉప్పు ఎక్కువైందని బావ అనకపోవడం, టీవీ గొంతు తగ్గించమని అక్క అనకపోవడం, ఇవి ఆ ఇంటి లక్షణాలు కావు. ఐదో రోజు ఏజెంటు జుట్టు పీక్కుంటూ వచ్చాడు.

“మీరిద్దరూ ఒక మాట అనుకోండి సార్” అన్నాడు. “మీరేమో ఫోన్ చేసి, నా పేరు తీసేసి ఆవిడది ఉంచు, ఆవిడకి చెప్పకు అన్నారు. అమ్మగారేమో ఫోన్ చేసి, నా పేరు తీసేసి ఆయనది ఉంచు, ఆయనకి చెప్పకు అన్నారు. ఇద్దరూ ఒట్టు వేయించుకున్నారు. నేను ఇద్దర్నీ తీసేశాననుకోండి, పాలసీలో ఎవరూ మిగలరు. ఖాళీ పాలసీకి ప్రీమియం ఎవరు కడతారండీ?”

ఆ తర్వాత జరిగిన గొడవ వినడానికి రెండు వీధుల దూరం చాలలేదు.

“నా పేరెందుకు తీయమన్నారండీ మీరు? బీపీ మీకు లేదా?”

“గుండె నీది కదే!”

“నా గుండెకి స్ప్రింగు వేశారు, ఇంకేం కాదు. మీది పాతది. అదే ముందు ఆగుతుంది.”

“నువ్వు దిగితే నేనూ దిగిపోతాను, తెలుసా!”

“దిగండి! ఎవరు ఆపారు? హోల్డాన్ అనండి!”

ఏజెంటు బిక్కచచ్చిపోయాడు. పాపం ఇంకా పెళ్ళి కాలేదు. వాళ్ళ మధ్య దూరడానికి ఏదో ఒకటి చెప్పాలని, అప్పుడు చెప్పాడు గ్రూపు పాలసీ సంగతి. ఇరవై మందికి తక్కువ కాకుండా ఒక సంఘం ఉంటే, సంఘం మొత్తానికి ఒకే పాలసీ ఇస్తారు. సభ్యులతోపాటు భార్యలూ భర్తలూ వస్తారు. విడిగా కట్టేదానికన్నా చాలా తక్కువ. పాత జబ్బులున్నా అడ్డు చెప్పరు. 

“ఇరవై మందేం ఖర్మ” అన్నాడు బావ. “నిలబడేవాళ్ళతో కలిపి యాభై మందిని తెస్తాను.”

తేగలడు. పెన్షన్ రోజు బ్యాంకు వరసలో నిలబడి ఒక్కసారి ‘ప్రీమియం’ అన్నాడు. ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ అందరూ తిరిగి చూశారు. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, వర్క్‌షాపు మెకానిక్కులు, పాసులిచ్చే కౌంటరమ్మ, డిపో క్యాంటీన్ నడిపిన అక్కయ్య, ప్రతి బస్సునీ లేటని తిట్టడానికే పుట్టిన టైంకీపరు. ప్రతివాడి గుండెలోనూ ఆ పెరిగిన అంకె గుచ్చుకుని ఉంది. వరస తన వంతు మరిచిపోయి బావ చుట్టూ గుండ్రంగా అయిపోయింది. క్యాషియరు గాజు వెనకనుంచి లేచి నిలబడి చూశాడు.

అలా బావ, నేను కలిసి ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్ళాం. నేనెందుకంటే, నన్నూ సభ్యుణ్ణి చేశాడు కాబట్టి. అక్కడ టోకెన్లు ఇచ్చే మిషను ఒకటుంది. బావ దాని పక్కన నిలబడగానే చేతులు ఊరుకోలేదు. వచ్చినవాళ్ళకల్లా తనే మీట నొక్కి టోకెను చింపి ఇచ్చి, “లోపలికి జరగండి, గుమ్మంలో నిలబడకండి, వెనక ఖాళీ ఉంది” అనడం మొదలుపెట్టాడు. జనం జరిగారు కూడా. మా నంబరు పిలిచేసరికి హాలంతా వెనక గోడకి అంటుకుపోయి ఉంది.

లోపల ఆఫీసరమ్మ సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంది. మాట మెత్తన, చూపు మాత్రం టికెట్లు తనిఖీ చేసేవాళ్ళ చూపు. “ఒక్క విషయం అండీ” అంది. “కేవలం ఇన్సూరెన్సు కోసమే పోగైన గుంపుకి మేం పాలసీ ఇవ్వం. సంఘానికి వేరే పనేదైనా ఉండాలి. మీ సంఘం ఏం చేస్తుంది?”

మా సంఘం పుట్టి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో అది ప్రీమియంని తిట్టడం తప్ప ఏమీ చేయలేదు. కనుక్కుని చెబుతామండీ అంటే పోయేది. కానీ బావ నోరు తెరుచుకోవడం నాకు కనిపించింది. బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కాను. జన్మంతా జనం తొక్కిన కాలది. ఆయనకి తెలియను కూడా తెలియలేదు.

“పాడతామండీ” అన్నాడు బావ.

“పాటలా?”

“పాటలే.”

“ఎలాంటి పాటలు?”

“అన్ని రకాలూ.”

“ఎప్పుడు కలుస్తారు?”

“ప్రతి గురువారం.”

“ఎక్కడ?”

“డిపోలోనే, టైర్ల గదిలో.” 

ఆవిడ ఆగకుండా అడుగుతోంది, ఈయన ఆగకుండా చెబుతున్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు పడితే మేం విదేశాల్లో కచేరీలు చేసొచ్చినవాళ్ళం అయిపోయేవాళ్ళం. ఆవిడ క్యాలెండరు చూసి, “మీ పాత పాలసీ నెలాఖరుతో అయిపోతోంది. మూడో గురువారం నేనే వచ్చి వింటాను” అంది.

మెట్లు దిగుతూ అడిగాను. “బావా, నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా పాడావా?”

“గొంతుంది కదరా” అన్నాడు.

టైర్ల గదిని డిపో మేనేజరు మాకు గురువారాలు ఇచ్చాడు, ఆ రోజు టైర్ల లారీ రాదు గనక. పైకప్పు రేకులది. మూడు గోడల వెంబడీ అరిగిన టైర్ల దొంతరలు. రబ్బరు వాసనకి ముక్కు పది నిమిషాలు మొరాయించి తర్వాత లొంగిపోతుంది. టైర్ల మీదే కూర్చున్నాం. మా అక్క కూడా వచ్చింది. తను పక్కన లేకపోతే బావ మందు వేసుకోడని ఆవిడ, తను పక్కన లేకపోతే ఆవిడ మందు వేసుకోదని బావ.

మొదటి గురువారం మేం చేసిన చప్పుడు వర్ణించడానికి నాకు మనసొప్పడం లేదు. క్యాంటీన్ అక్కయ్యకి జోలపాటలు మాత్రమే వచ్చు. అవి పాడగానే మెకానిక్కులిద్దరు నిజంగానే నిద్రపోయారు. మిగిలినవాళ్ళని సినిమా పాటొకటి ఎత్తుకోమంటే, కండక్టర్లకి గొంతు తగ్గించడం తెలియదు, ఇంజను మీద అరిచి బతికిన ప్రాణాలు. ఒకరు పెంచితే ఇంకొకరు ఇంకా పెంచారు. డ్రైవర్లకి ముందు చూపు తప్ప పక్క చూపు అలవాటు లేదు, పక్కవాడు ఎక్కడున్నాడో పట్టించుకోకుండా ఎవరి దారిన వాళ్ళు చరణం దాటిపోయారు. టైంకీపరు ప్రతివాణ్ణీ నువ్వు లేటు, నువ్వు లేటు అంటున్నాడు. తాళం వేయమని నాకొక రేకు డబ్బా, చెంచా ఇచ్చారు. ఇంతకాలం మంచి గడియారాల మధ్య బతికినవాణ్ణి కదా, నేను నా వేగం మార్చను. వాళ్ళు నా వేగానికి రారు. 

పాట అయిపోయాక ఎవరి టైరు వైపు వాళ్ళు చూసుకున్నారు. మా అక్క మాత్రం కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వుతోంది. “గుండె జాగ్రత్తే!” అని బావ కంగారుపడ్డాడు.

“నా గుండెకేం కాదు. ఆ ఆఫీసరమ్మ గుండె సంగతి చూసుకోండి. ఆవిడకి పాలసీ ఉందో లేదో” అంది అక్క. నవ్వు తగ్గాక పైటతో మొహం తుడుచుకుని చెప్పింది. “మీకు రాని పాటలు ఎందుకు పాడతారు? వచ్చిందే పాడండి. ఈయన నిద్రలో రోజూ పాడేది నేను వింటూనే ఉన్నాను కదా.”

బావ నిద్రలో స్టాపులు చెబుతాడు. మొదటి స్టాపునుంచి ఆఖరిదాకా, ఒక్కటీ వదలకుండా. అక్క ఒకసారి వినిపించమంది. ఆయన సిగ్గుపడి, తల గోక్కుని, గోడవైపు తిరిగి మొదలుపెట్టాడు. “పాత వంతెనా... కూరగాయల మార్కెట్టూ... సినిమా హాలూ... పెద్దాసుపత్రీ... కుట్టుబడీఈఈ...”

కుట్టుబడి దగ్గర ఆ దీర్ఘం ఏమిటో నాకు తెలుసు. పెళ్ళికి ముందు అక్క ఆ బడిలో కుట్టు నేర్చుకునేది. మిగతా స్టాపులన్నిటికీ ఒక్క పిలుపు, ఆ స్టాపుకి మాత్రం వీధి చివరిదాకా సాగే పిలుపు. బస్సు మొత్తానికి తెలుసు ఎందుకో. మా నాన్నకి ఆఖర్న తెలిసింది.

వెనకనుంచి ఒక కండక్టరు, “చిల్లరుందా, చిల్లరా?” అని అందుకున్నాడు. అంతే, డ్రైవర్లంతా “లేదూ... లేదూ...” అన్నారు. మెకానిక్కులు స్పానర్లతో టైరు రిమ్ముల మీద కొట్టారు. క్యాంటీన్ అక్కయ్య టీ గ్లాసులు గలగలలాడించింది. కౌంటరమ్మ నంబరింగ్ ముద్ర టకటకా గుద్దింది. విచిత్రం ఏమిటంటే అందరూ నా డబ్బా చప్పుడుకి వచ్చి పడ్డారు. బస్సు బయల్దేరింది. నేను వాయిస్తూనే నవ్వాను, నవ్వుతూనే వాయించాను. ఆ ముసలివాళ్ళందరికీ ఒళ్ళు తెలియడం లేదు. నాకూ అంతే.

ఒక్కటే లోటు. ఇంజను సరిగ్గా లేదు. ఎవరు ‘గుర్ర్’మన్నా పిల్లి అన్నట్టుంది. ఇంజను శబ్దం నోటితో చేయగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. బావ బస్సు నడిపిన డ్రైవరు. మాటలు నెమ్మది కాబట్టి అతన్ని సెకండ్‌గేరు అంటారు. వాళ్ళిద్దరూ ఒకే బస్సు మీద జుట్టు నెరిపించుకున్నారు. అతను సంఘంలో చేరలేదు. అతని కోడలు పనిచేసే ఆఫీసులో మామగారికి కూడా ఇన్సూరెన్సు ఉంది, మాతో అతనికి పనిలేదు. ఆ సంగతి అతనే వీధి వీధికీ చెప్పుకున్నాడు. అందుకే బావ వెళ్ళి అడగనని భీష్మించాడు.

అక్క వెళ్ళింది. “అన్నయ్యా, ఇంజను లేకుండా బండి తోసుకుంటూ పోతున్నారు. చూడలేకపోతున్నాను” అంది.

“ఒక్కసారికే వస్తాను చెల్లెమ్మా” అన్నాడు సెకండ్‌గేరు. రెండో గురువారం వచ్చాడు. బావని పలకరించలేదు. ముందు వరసలో టైరు మీద కూర్చుని, అద్దం సర్దుకున్నట్టు చెయ్యి పైకెత్తి, నోరు తెరిచాడు. చలికాలం పొద్దున స్టార్టవని పాత బస్సు, రెండుసార్లు మూలిగి, మూడోసారి అందుకుని, రేకుల కప్పు అదిరిపోయింది. బావ కళ్ళు మెరిశాయి. “రైట్ రైట్!” అన్నాడు. అదే వాళ్ళ పలకరింపు.

మూడో గురువారం ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడకి కుర్చీ వేశాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో పాత తోలు సంచి తగిలించుకున్నాడు. బండి మొదలైంది. పాత వంతెన దాటాం, మార్కెట్టు దాటాం. చిల్లర దగ్గర ఆఫీసరమ్మ పెదవి కదిలింది. పెద్దాసుపత్రి దగ్గర ఆవిడ కాలు తాళం వేయడం నేను నా కళ్ళతో చూశాను. ఇంక అయిపోయిందనుకున్నాను, మన పని గట్టెక్కిందనుకున్నాను.

“కుట్టుబడీఈఈ...” అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడు మా అక్కకి రబ్బరు వాసనకి గొంతు పొడిబారింది. మంచినీళ్ళ కోసం లేచి నిలబడింది.

ఆ స్టాపు పేరు వినపడగానే ఆ మనిషి లేచి నిలబడితే బావ ఏం చేస్తాడు? జన్మంతా ఏం చేశాడో అదే చేశాడు. “హోల్డాన్!!”

డ్రైవర్లు పన్నెండు మంది ఉన్నారు. పన్నెండు కుడికాళ్ళూ నేలని గట్టిగా తొక్కాయి. సెకండ్‌గేరు నోట కీచుమని బ్రేకు పడింది. కండక్టర్లు, మెకానిక్కులు అందరూ ఒక్కసారిగా ముందుకి తూలారు. టైంకీపరు కౌంటరమ్మ ఒళ్ళో పడ్డాడు. ఒక టైరు దొంతర మీదినుంచి విడిపోయి, గది మధ్యనుంచి తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్ళి, ఆఫీసరమ్మ కుర్చీ పక్కన పడుకుంది.

హోల్డాన్ తర్వాత రైట్ రైట్ వినపడందే ఆ డిపోలో ఏ డ్రైవరూ బండి కదపడు. అందరూ బ్రేకు మీద కాళ్ళు పెట్టుకుని బావ వైపు చూస్తున్నారు. బావ అక్కనే చూస్తున్నాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచాడు. మేకని కూడా ఆపిన ఆ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆఫీసరమ్మ కాసేపు చూసింది. చెయ్యి గడియారం చూసుకుంది. లేచి టైరుని దాటుకుని, “వస్తానండీ, చూశాను కదా” అని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. “అక్కడ అది లేచి నిలబడేసరికి నిజంగానే దిగిపోతోందనుకున్నాన్రా” అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఏడిపించలేకపోయాను.

ఆ వారం అక్క, బావ ఇద్దరూ మళ్ళీ ప్రేమగా ఉన్నారు. చూడలేకపోయాం. నెలాఖరు దగ్గర పడుతోంది. ఏజెంటు ఫోన్ చేస్తే ఇద్దరూ ఎత్తడం లేదు.

నాలుగో గురువారం రమ్మని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను నా చెంచా అక్కడ మరిచిపోయాను కాబట్టి వెళ్ళాను. క్యాంటీన్ అక్కయ్య గ్లాసుల కోసం వచ్చింది. మెకానిక్కులు స్పానర్ల కోసం. టైంకీపరు, మేమంతా లేటుగా వచ్చామని చెప్పడానికి వచ్చాడు. అక్కకి ఇంట్లో తోచడం లేదట. బావ అక్కని ఒంటరిగా పంపడు. ఇంతమంది వచ్చాక సెకండ్‌గేరు తలుపు దగ్గర కనిపించాడు.

“ఒక్కసారికే అన్నావు కదరా” అన్నాడు బావ.

“బండిని కుట్టుబడి దగ్గర ఆపేసి పోయాం” అన్నాడు సెకండ్‌గేరు. “వారం నుంచీ నా కాలు బ్రేకు మీదే ఉందిరా. నడిరోడ్డు మీద బండి వదిలేసి ఇంటికెళ్ళి అన్నం ఎలా తింటాం? ముందు దాన్ని ఆఖరి స్టాపుకి చేర్చు. తర్వాత పాలసీ వస్తే వస్తుంది, చస్తే చస్తుంది.”

అది న్యాయంగా తోచింది అందరికీ. ఎవరి టైరు మీద వాళ్ళు కూర్చున్నాం. అందరూ కుడికాళ్ళు పెట్టాల్సిన చోట పెట్టారు. అక్క మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆ రోజు నిలబడిన చోటే నిలబడింది. బావ ఆవిడని చూశాడు. ‘రైట్ రైట్’ అనబోయి, మెడలో తగిలించుకొచ్చిన తోలు సంచి తడుముకుంటూ ఉండిపోయాడు.

అక్క గ్లాసు నాకిచ్చింది. “ఏమండీ, ఇటు చూడండి” అంది. “నేను దిగట్లేదు. ఇవాళ పొద్దున ఏజెంటుకి నేనే ఫోన్ చేసి చెప్పేశాను. మీరూ దిగడానికి వీల్లేదు. కడితే ఇద్దరికీ కడదాం, తింటే సగమే తిందాం. వినపడిందా? నేను దిగట్లేదు.” అని, ఆ బక్కప్రాణంలో అంత గొంతు ఎక్కడుందో గానీ, “రైట్ రైట్!!” అని కేక పెట్టింది.

ఇంజను అందుకుంది. స్పానర్లు, గ్లాసులు, ముద్రలు, నా డబ్బా అన్నీ ఒక్కసారి లేచాయి. బావ ఏడుస్తూ, నవ్వుతూ, కుట్టుబడి తర్వాత స్టాపు ఎత్తుకున్నాడు. ఇంత గోల ఆ గదిలో ఎప్పుడూ లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వు ఆగడం లేదు, నవ్వితే చరణం తప్పుతోంది, తప్పితే ఇంకా నవ్వు వస్తోంది.

“నీళ్ళ ట్యాంకూ...” అన్నాడు బావ. వెనక గుమ్మంలో ఎవరో నిలబడిన అలికిడైంది. ఆయన తల తిప్పకుండానే, “ఫుట్‌బోర్డు మీద నిలబడకండి, లోపలికి రండి, ఖాళీ ఉంది. హోల్డాన్!” అన్నాడు.

బస్సు ఆగింది. లోపలికొచ్చింది ఆఫీసరమ్మ. 

“కంగారు పడకండి” అంది. “పిలిచిన రోజు ఎవరైనా పాడతారండీ. పిలవని రోజు వచ్చి చూడటం మా పద్ధతి. చాలాసేపటి నుంచీ బయటే ఉన్నాను.” తర్వాత అడగాల్సింది అడిగింది. “ఒకవేళ పాలసీ రాలేదనుకోండి, ఇది మానేస్తారా?”

అందరం బావ వైపు చూశాం. ఆయన నోరు తెరిచాడు, అబద్ధం చెప్పలేక, నిజం ఏదో తేల్చుకోలేక, “తెలీదండీ” అన్నాడు. 

నా చేతిలో చెంచా కింద పడింది.

సెకండ్‌గేరు నింపాదిగా కదిలాడు. “నాకు మీ పాలసీ అక్కర్లేదమ్మా. మా కోడలు ఆఫీసులో నన్నూ రాయించింది. వీళ్ళ సంఘంలో నా పేరే లేదు, చూసుకోండి.”

“మరి మీరెందుకు వస్తున్నారు?”

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆవిడ మొహంలోకి జాలిగా చూశాడు. “నేను రాకపోతే బండి ఎవరు నడుపుతారమ్మా?”

ఆఫీసరమ్మ నవ్వింది. ఇస్త్రీ మడతలన్నీ చెదిరేలా నవ్వింది. “నెలాఖరులోపు వచ్చేస్తుంది లెండి. ఇద్దరిద్దరి పేర్లూ ఇచ్చారు కదా, అందరికీ” అంది. అక్క టైరు మీద కూలబడింది. బావ ఆవిడ పక్కన కూర్చుని, తోలు సంచిలో మొహం దాచుకున్నాడు. టైంకీపరు కూడా ఎవరినీ లేటని తిట్టలేదు. వచ్చే ఏడు మళ్ళీ పెరగదా అంటే పెరుగుతుంది. అప్పుడు సంఘమంతా కలిసి తిడతాం.

బండి ఇంకా నీళ్ళ ట్యాంకు దగ్గరే ఉందని సెకండ్‌గేరు గుర్తు చేశాడు. బావ లేచి కదిలించాడు. ఒక్కో స్టాపూ దాటుకుంటూ చివరికొచ్చాం. ఇంక ఆయన చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది, ఆఖరి స్టాపు, అందరూ దిగండి అని. నోటిదాకా వచ్చింది. అక్క వైపు చూశాడు.

“బోర్డు తిప్పండి!” అన్నాడు. “రిటర్న్ ట్రిప్పు! రైట్ రైట్!”

“అయ్యో, నాకు ఆఫీసుందండీ” అని ఆఫీసరమ్మ గుమ్మం వైపు నడవబోయింది.

“మధ్యలో దింపమమ్మా” అన్నాడు బావ. అక్క పక్కకి జరిగి, టైరు మీద ఆవిడకి చోటిచ్చింది.